యువ పియానిస్టు సోలో కచేరీకి వెళ్తున్నాను: ఎక్కడ కూర్చోవాలి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

కొత్తచెవి: ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న కుర్రాడి కచేరీ. షోపాన్ 24 ప్రెల్యూడ్లు (చిన్న చిన్న పియానో రచనలు), విరామం, తర్వాత బీథోవెన్ ఓపస్ 111 (పెద్ద పియానో సొనాటా). ఎటువైపు కూర్చోవాలి? ముందుగా ఏం విని వెళ్లాలి? చప్పట్లు ఎప్పుడు?

వెనకవరుస: 111లో రెండే మూవ్‌మెంట్లు, అంటే భాగాలు. రెండోది చాలా మెల్లగా ఆగిపోతుంది. పోయినేడాది నేను విన్నప్పుడు చివరి స్వరం ఇంకా మోగుతుండగానే ఒకాయన బ్రావో అని అరిచాడు. అంతసేపు ఊపిరి బిగబట్టి విన్నదంతా పోయింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. పియానిస్టు చేతులు ఒళ్లో పెట్టుకునేదాకా ఆగండి.

ఎడమచెయ్యి: ఎడమవైపు కూర్చుంటే వేళ్లు కనిపిస్తాయి. కానీ ట్యాబ్లెట్ తెరమీద స్వరాలు చూస్తూ వాయించేవాడైతే చూడ్డానికేముంది? కంఠస్థం రానివాళ్లు స్టేజీ ఎక్కకూడదు.

రాత్రిసాధన: ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. పదిహేడో ఏట చూడకుండా వాయిస్తూ ఫ్యూగ్ (ఒకే బాణీ వేర్వేరు గొంతుల్లో, అంటే వరసల్లో, ఒకదాని వెంట ఒకటి వచ్చి అల్లుకునే రచన) మధ్యలో దారి తప్పాను. మూడుసార్లు వెనక్కెళ్లి మొదలుపెట్టాను. నాలుగోసారి లేచి వచ్చేశాను. మళ్లీ ఆరేళ్లు జనం ముందు వాయించలేదు. సోవియట్ పియానిస్టు రిక్టర్ అంతటివాడే చివరి ఏళ్లలో స్వరాల పుస్తకం పెట్టుకుని చిన్న దీపం వెలుగులో వాయించాడు. ఆయనకీ రాదంటారా?

ఎడమచెయ్యి: దశాబ్దాలు చూడకుండా వాయించాక పెట్టుకున్నాడు. కుర్రాడితో పోలికేంటి?

శ్రుతిపని: ఇరవై రెండేళ్లుగా కచేరీ పియానోలు శ్రుతి చేస్తున్నాను, రిహార్సళ్లు దగ్గరుండి చూశాను. చూడకుండా వాయించడం మొదటినుంచీ ఉన్న నియమం కాదు. పంతొమ్మిదో శతాబ్దపు పియానిస్టులు లిస్ట్, క్లారా షూమన్‌ల కాలంలో పాతుకుపోయింది. చిన్నవయసులో క్లారా అలా వాయిస్తే గొప్పలకి పోతోందని తిట్టినవాళ్లూ ఉన్నారు. మీరు పట్టించుకోవాల్సింది వేరే ఉంది. హాలు నిండితే వేడీ తేమా మారి, 230 దాకా ఉండే తీగల్లో ఏదో ఒకటి సడలుతుంది. విరామంలో నేను సరిచేస్తుంటే గట్టిగా మాట్లాడకండి, నాకు వినబడదు.

ఎడమచెయ్యి: తీగల సంగతి ఎవరడిగారండీ?

శ్రుతిపని: శ్రుతి తప్పితే మొదట గోల చేసేది మీలాంటివాళ్లే!

చిన్నపాఠం: పదేళ్ల పిల్ల ప్రెల్యూడ్లన్నీ విని కూర్చోగలదా?

వెనకవరుస: తప్పకుండా. ఏడోది నిమిషం కూడా ఉండదు, పదిహేనోది సుమారు అయిదు నిమిషాలు. చివరిది అడుగు స్వరాన్ని మూడుసార్లు మోగించి ఆగుతుంది. ఏడోది నా దగ్గర నేర్చుకునే పాప ఈ నెలలోనే తప్పు లేకుండా వాయించింది, నాకు కన్నీళ్లొచ్చాయి.

కొత్తచెవి: ఎడమవైపే తీసుకున్నాను. మరి ప్రెల్యూడ్ల మధ్య చప్పట్లు?

వెనకవరుస: వద్దు! 24 అయ్యాకే.

ఎడమచెయ్యి: రాత్రిసాధన గారూ, ఏ ఫ్యూగ్ అది?

రాత్రిసాధన: బాఖ్, సి షార్ప్ మైనర్, అయిదు గొంతులది. ఇప్పుడు పుస్తకం పెట్టుకుని జనం ముందే వాయిస్తున్నాను.

ఎడమచెయ్యి: అయిదు గొంతులదా! నేను ఇంట్లో కూడా చూడకుండా వాయించలేను.