అప్‌డేట్: కుళాయి చుక్కలు ఆగాయి

పోయిన వారం అడిగాను కదా, విజయనగరంలో మా ఇంటి బాత్‌రూమ్ కుళాయి ఎంత బిగించినా చుక్కలు పడుతోందని, గోడ దగ్గర జాయింట్ కూడా చెమ్మగా ఉంటోందని. ప్లంబర్‌ని పిలవకుండా ఆదివారం నేనే దిగాను.

మేడ మీద ట్యాంకు వాల్వ్ కట్టేయడానికే పావుగంట, అంతలా బిగుసుకుపోయింది. కుళాయి తల విప్పితే లోపల రబ్బరు వాషర్ మీద గుండ్రంగా గాడి పడి ఉంది, గోటితో గీకితే పొడి రాలింది. మీలో చాలామంది చెప్పింది అదే, నేనే అనవసరంగా కుళాయి మొత్తం మార్చాలనుకున్నా. పాత వాషర్ జేబులో వేసుకుని గంటస్తంభం దగ్గర షాపుకెళ్లి అదే సైజు తెచ్చాను.

గోడ జాయింట్ కోసం కుళాయి విప్పా కానీ, నీళ్లు కారకుండా మరల మీద చుట్టే టెఫ్లాన్ టేప్ దగ్గర మాత్రం తప్పు చేశా. ఎడాపెడా చుట్టి కుళాయి తిప్పుతుంటే టేపంతా ఊడి ముద్దలా బయటికొచ్చింది. మరలు మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలట, అప్పుడే బిగించేకొద్దీ టేపూ బిగుస్తుంది. రెండోసారి అలాగే ఏడెనిమిది చుట్లు వేశా.

పొద్దున్న అమ్మ, "ఏట్రా, బకెట్టు ఖాళీగా ఉందేటి?" అంది. రాత్రంతా పడే చుక్కలతోనే అది నిండేది మరి!

ఫ్లష్ ట్యాంకు కింద పైపు ఇంకా కారుతోంది. అది వచ్చే ఆదివారం.