హీరో ఓడిపోతే జాలిపడుతున్నారు, తర్వాతేంటని అడగట్లేదు

మిర్చికథ:
మొదటి స్క్రిప్ట్ రాస్తున్నాను. హీరో గుంటూరు దగ్గర మిర్చి రైతు. ఇంటర్వెల్‌కి కమీషన్ వ్యాపారి కోల్డ్ స్టోరేజీకి నిప్పు పెట్టిస్తాడు, హీరో టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) తగలబడిపోతాయి. చదివినవాళ్లంతా "అయ్యో పాపం" అంటున్నారు, అంతే. ఎక్కడ దెబ్బతింటోంది?

సీన్‌పేపర్:
నిప్పు పెట్టించింది విలన్. మరి మీ హీరో ఏం చేశాడండీ? తన చేతిలో లేని నష్టానికి ఎవరైనా జాలిపడతారు, అక్కడితో అయిపోతుంది. మంట తీసేయండి. ధర బాగున్నప్పుడు అమ్మనని పట్టుబట్టాడనుకోండి. "ఇంకో నెల ఆగుదాం, నా మాట నమ్మండి" అని ఊళ్లోవాళ్ల సరుకు కూడా ఆపించాడు. ధర పడిపోయింది. ఇక పక్క చేను బాబాయి వచ్చి, సరుకు దాచినందుకు ఇచ్చిన కోల్డ్ స్టోరేజీ బాండు అతని చేతిలో పెట్టి, "శ్రావణంలో పిల్ల పెళ్లిరా, ఏం చేద్దామంటావు?" అని మామూలుగా అడిగితే చాలు. దయచేసి ఆయన చేత తిట్టించకండి. తిడితే హీరోకి బరువు దిగిపోతుంది. వెంటనే మోటివేషన్ పాట కూడా వద్దు.

పాతసినిమా:
పూర్తిగా ఒప్పుకోలేను. 'సాగరసంగమం' (1983)లో బాలుకి ఢిల్లీలో నాట్యం చేసే అవకాశం వస్తుంది, సరిగ్గా అప్పుడే తల్లి చనిపోతుంది. అందులో అతని తప్పేముంది? అయినా గుండె పిండేస్తుంది కదా.

సీన్‌పేపర్:
నిజమే, మంచి మాట అన్నారు. కానీ అప్పటికే ఆ వేదిక అతనికి ఎంత ముఖ్యమో మనకు తెలుసు. పోయిందేమిటో తెలిశాకే మనసు పట్టేస్తుంది. 'జెర్సీ' (2019) చూడండి. ఒకప్పటి రంజీ ఆటగాడికి కొడుకు అడిగిన జెర్సీకి 500 రూపాయలు పుట్టవు. గ్రౌండ్‌లో కాదు, ఇంట్లో పిల్లాడి ముందు ఓడిపోతున్నాడు. మీ ఫస్టాఫ్‌లో ఆ బాబాయికి, హీరోకి మధ్య ఎన్ని సీన్లున్నాయి?

మిర్చికథ:
ఒక్కటే, అదీ కామెడీ. కల్లంలో తాలుకాయలు ఏరే చోట ఇంకోటి రాస్తాను, పెళ్లి ఊసు అక్కడే ఎత్తిస్తాను. మంటని సెకండాఫ్‌కి జరపనా?

సీన్‌పేపర్:
వద్దు. సరుకు కాలిపోతే, ఆపించింది హీరో అన్న సంగతి అందరూ మర్చిపోతారు. బాబాయి కూడా.