ముస్లింలను ఆపితే మనకేం పోతుంది అనేవాళ్లకు ఒక ప్రశ్న

హన్మకొండ చౌరస్తా:
2025 జూన్‌లో ట్రంప్ 12 దేశాల వాళ్లను పూర్తిగా, ఇంకో 7 దేశాల వాళ్లను కొంతవరకు అమెరికాలోకి రానివ్వనని ఆర్డర్ తెచ్చినప్పుడు మా వాడకట్టు వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరుసగా పడ్డాయి. ఎందుకంటే ఆ లిస్టులో ఇరాన్, యెమెన్, సోమాలియా ఉన్నాయి. అదే గ్రూపు, అవే చేతులు, సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు అనగానే అర్ధరాత్రి దాటాక డల్లాస్‌కు ఫోన్ల మీద ఫోన్లు. నేను నవ్వలేదు, మా చెల్లె అక్కడే ఉంది, ఫోన్ చేసినవాళ్లలో నేనూ ఒకడిని.
నా ప్రశ్న ఇది. దేశంలోకి ఎవరు రావాలో, ఎన్నాళ్లు ఉండాలో రూలు పెట్టుకోవడం వేరు. ముస్లింలంటే పడక, ఆ కోపానికే రూలు అని పేరు పెట్టడం వేరు. మన లీడర్లు, వాళ్ల లీడర్లు రెండూ కలిపి మాట్లాడుతున్నారు, మనం కూడా కలిపే వింటున్నాం. మీరేమంటారు?

పెద్దపల్లి బైపాస్:
అన్నా, ప్రతిదానికీ మతం అంటగట్టకు. ట్రంప్ 2017 జనవరి ఆర్డర్‌ను ముస్లిం బ్యాన్ అని ప్రపంచమంతా లొల్లి చేసింది. ఏడే దేశాలు అందులో: ఇరాన్, ఇరాక్, సిరియా, యెమెన్, లిబియా, సోమాలియా, సుడాన్. ముస్లింలు అందరికంటే ఎక్కువున్న ఇండోనేషియా ఉందా? పాకిస్తాన్ ఉందా? లేవు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2018 జూన్‌లో ఓకే అంది. నా ఇంటికి నేను తాళం వేసుకుంటే పక్కింటాయనను దొంగ అన్నట్టా?

హన్మకొండ చౌరస్తా:
కోర్టు ఓకే అన్నది మూడోసారి మార్చి రాసిన దాన్ని తమ్మీ, ఉత్తర కొరియా, వెనెజువెలా కూడా కలిపాక, అదీ జడ్జీల్లో 5-4తో. తాళం సంగతి సరే, తాళం వేసేటప్పుడు నోటితో ఏమన్నాడో కూడా చూడాలి కదా. 2015 డిసెంబర్ 7న ముస్లింలు అమెరికాలోకి రావడమే పూర్తిగా ఆపాలని ఆయన ప్రకటన రాసి మరీ విడుదల చేశాడు. 2017 ఆర్డర్ వచ్చిన మర్నాడు న్యూయార్క్ మాజీ మేయర్, ట్రంప్ మనిషి జూలియానీ టీవీలో కూర్చుని, ముస్లిం బ్యాన్ చట్టప్రకారం ఎట్లా చెయ్యాలో చూపించమని ట్రంప్ తనను అడిగాడని చెప్పేశాడు. ఇంకేం దాచాలి?
నెల తిరగకముందే, ఫిబ్రవరి 22న, కాన్సస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు, నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్పులు జరిపాడు. ఒకాయన చనిపోయాడు. కాల్చినవాడు పారిపోయి ఇంకో ఊళ్లో బార్‌లో చెప్పుకున్నదేంటో తెలుసా, ఇద్దరు ఇరానీలను కాల్చానని. వాడు ఎవరి ఆధార్ కార్డూ అడగలేదు.

పెద్దపల్లి బైపాస్:
ఒక పిచ్చోడు చేసిన పనికి పాలసీని ఎట్లా తప్పుపడతావు? ట్రంప్ కాల్చమన్నాడా?

జగిత్యాల రిటర్న్:
నేను షార్జాలో 11 ఏళ్లు చేశాను, అందులో రెండేళ్లు కల్లివెల్లి. తెలియనివాళ్లకు చెప్తున్నా, కంపెనీ వదిలిపెట్టి కాగితాలు లేకుండా బయట పని చేసుకునేవాడిని మా దిక్కు అట్లా అంటారు, మా మండలంలో ఇంటికొకరు దొరుకుతారు. రూములో ఎనిమిది మందిమి, నా కింది మంచం బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ఆయనది. ఒకసారి సైట్ మీద చెకింగ్ అని కేక వినపడగానే ఇద్దరం ప్లైవుడ్ షీట్ల కట్ట వెనుక దూరి రెండు గంటలు కదలకుండా కూర్చున్నాం, నా జేబులో ఎండిపోయిన కుబ్బూస్ రొట్టె ముక్క ఉంటే చెరిసగం తిన్నాం, ఆయన తన సగంలోంచి కూడా కొంచెం తుంచి నాకే ఇచ్చాడు. 2018 ఆగస్టులో ఆమ్నెస్టీ అని క్షమాభిక్ష పెడితే బయటపడి వచ్చాను.
ఇప్పుడు టీవీలో ఎవరైనా చొరబాటుదారులు అని ఊగిపోతుంటే నాకు ఆ ప్లైవుడ్ వాసన వస్తుంది. షార్జా లెక్కలో నేనూ అదే కదా. కాకపోతే అక్కడ పట్టుకుంటే వీసా అడుగుతారు, దేవుడెవరని అడగరు.

పెద్దపల్లి బైపాస్:
గల్ఫ్ సంగతి ఎత్తింది నువ్వే. కువైట్‌లో ముస్లిం కానివాడికి పౌరసత్వం ఇవ్వకూడదని 1982 నుంచి చట్టమే ఉంది. నువ్వు 30 ఏళ్లు చేసినా బతాకా అనే అక్కడి గుర్తింపు కార్డే దిక్కు. వాళ్లు మతం చూస్తే ఎవరూ నోరెత్తరు. మనం 2019లో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు చట్టం చేసి పౌరసత్వానికి దారి ఇస్తే మాత్రం వివక్ష. అక్కడ తన్నులు తిన్నవాళ్లు ఎక్కడికి పోవాలి? ఇంకొకటి, 2012 డిసెంబర్‌లో మన నిర్మల్ సభలోనే ఎంఐఎం ఎమ్మెల్యే అక్బరుద్దీన్ 15 నిమిషాలు పోలీసులను పక్కన పెట్టండి, ఎవరి బలమెంతో చూపిస్తాం అన్నాడు. దాన్నేమంటారు?

మండీబజార్:
విద్వేషం అంటాం భాయ్, ఇంకేమంటాం. ఆ వీడియో వచ్చిన రోజు మా అబ్బా టీవీ బంద్ చేశాడు. 2022లో కోర్టు ఆయన్ను నిర్దోషి అంది, అయినా ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. 2020 గ్రేటర్ ఎన్నికల్లో మీ పక్కనున్న కరీంనగర్ బీజేపీ ఎంపీ బండి సంజయ్, మేయర్ సీటు మాకొస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేసి రోహింగ్యాలను, పాకిస్తానీలను తరుముతాం అన్నప్పుడు మీ ఇంట్లో టీవీ బంద్ అయిందా? గొడవకు కాదు, అడుగుతున్నా అంతే.
మాది వరంగల్. మా తాత ఆజంజాహీ మిల్లులో పని చేశాడు. పోయినేడు అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే ఇంటాయన నల్లా విప్పి చూపించాడు, మీటర్ చూపించాడు, బండి పెట్టుకునే జాగా చూపించాడు, ఛాయ్ కూడా పోశాడు. తర్వాత పేరు అడిగాడు. చెప్పాను. ఇక్కడివాళ్లేనా, బయటి నుంచి వచ్చారా అన్నాడు. అప్పటిదాకా అరగంట తెలుగులోనే మాట్లాడుకున్నాం. నేను జవాబు చెప్పేలోపే ఆయన చేతిలో ఉన్న తాళాల గుత్తి జేబులోకి పోయింది.

సిరిసిల్ల బీడీలు:
మగవాళ్లంతా అమెరికా, కువైట్ తిరిగి వచ్చారు, నేను ఇంట్లో సంగతి చెప్తా. అస్సాంలో 2019 ఆగస్టులో ఎన్నార్సీ అని పౌరుల తుది లిస్టు వస్తే 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు, అందులో హిందువులు కూడా మస్తు మంది. మా అత్తమ్మ బీడీల పీఎఫ్ కాగితంలో లచ్చవ్వ, ఆధార్‌లో లక్ష్మి, రేషన్ కార్డులో లక్ష్మమ్మ. ఆమె పుట్టిన తేదీ ఆమెకే తెలియదు, పెద్ద కరువు తర్వాత అంటుంది. రేపు ఎవరైనా వచ్చి నిరూపించుకో అంటే ముగ్గురిలో ఏ అత్తమ్మను చూపించాలి? 2019 చట్టం ఉంది కదా మనకేం భయం అంటారేమో, అది ఆ మూడు దేశాల నుంచి వచ్చినవాళ్లకు, సిరిసిల్లలో పుట్టిన ముసలమ్మకు కాదు.

హన్మకొండ చౌరస్తా:
అక్క చెప్పిందే అసలు మాట. తన్నులు తిన్నవాళ్లకు నీడ ఇవ్వొద్దని ఎవరూ అనడం లేదు. పాకిస్తాన్‌లో అహ్మదీయా తెగవాళ్లకు కూడా తన్నులే, బర్మాలో రోహింగ్యా ముస్లింలకు కూడా తన్నులే, శ్రీలంక తమిళులైతే చాలామంది హిందువులే, వాళ్లూ ఆ చట్టంలో లేరు. కువైట్ చట్టం తప్పంటావా? నేనూ అంటాను. తప్పయితే దాన్ని చూసి మనం రాసుకోవడం ఏంటి?

పెద్దపల్లి బైపాస్:
బార్డర్ దగ్గర కాగితం అడగాలి, లేనివాడిని పంపించాలి, ఆ మాట మీద నుంచి నేను కదలను. తమిళుల సంగతి ఒప్పుకుంటా, వాళ్లను కలపాల్సింది. మండీబజార్ భాయ్, మా ఇంట్లో టీవీ బంద్ కాలేదు. నిజం చెప్పాలంటే సౌండ్ పెంచాం.

మండీబజార్:
నిజం చెప్పావు కాబట్టి ఇంకోటి అడుగుతా. వచ్చే నెల నాకు పెద్దపల్లికి ట్రాన్స్‌ఫర్. మీ దగ్గర రెండు రూముల పోర్షన్ ఏదైనా దొరుకుతుందా?

పెద్దపల్లి బైపాస్:
ఫ్యామిలీయేనా? మా మామది ఒకటి ఖాళీగా ఉంది, బోరు నీళ్లు, పైన రేకులు. అడిగి చెప్తా.

మండీబజార్:
ఫ్యామిలీయే. అడిగేటప్పుడు పేరు ముందే చెప్పు భాయ్.