శేషాచలం అడవి, యానాదులు: పాత రికార్డులు ఎక్కడ అడగాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. కపిలతీర్థం వెనక మొదలయ్యే శేషాచలం అడవి గురించి కాలేజీ పిల్లల కోసం చిన్న ప్రదర్శన పెడుతున్నాం. గుడి చరిత్ర చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. 1801 నుంచి 1843 దాకా తిరుమల గుడి ఈస్టిండియా కంపెనీ అజమాయిషీలో ఉందనీ, తర్వాత హాథీరాంజీ మఠానికి అప్పగించారనీ చాలామందికి తెలుసు. అడవిని నమ్ముకుని బతికిన యానాదుల ఊసే ఎవరూ ఎత్తరు.

మా పేట చివర ఒక యానాది అవ్వ ఉంది. ఆకు నడిమి ఈనె వెంట తెల్లచార చూసి నన్నారి తీగను పట్టేస్తుంది. వేరు మొత్తం లాగదు, కొంత వదిలి మట్టి కప్పుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఇలాంటివాళ్ల రాకపోకలు ఏమయ్యాయో తెలుసుకోవాలని ఉంది.

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు మనం ఉత్తర ఆర్కాటు. మరి అప్పటి రిజర్వు ఫారెస్టు హద్దుల ఫైళ్లు చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో అడగాలా, ఇక్కడి కలెక్టరేట్‌లోనా? మామూలు మనుషులకు చూపిస్తారా?

ఇంకోటి. అవ్వ మాటలు రికార్డు చేస్తే ఆవిడ పేరు వేయొచ్చా? మొక్కలు దొరికే చోటు చెప్పకుండా ఉండటమే మంచిదా? అసలే ఎర్రచందనం గొడవలున్న అడవి, ఆవిడకేమైనా ఇబ్బంది వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.