వేగాస్‌లో రెంటల్ కారు: మొదటి పేజీలో 208 డాలర్లు, చివరి పేజీలో 640. ఏంటిది?

ఖమ్మం కుర్రోడు:
నిన్న రాత్రి నుంచీ ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. అక్టోబర్ రెండో వారంలో అమ్మానాన్నలను నాలుగు రోజులు తిప్పాలి. వేగాస్‌లో దిగి జయాన్, బ్రైస్ పార్కులు, పేజ్ ఊళ్లో యాంటిలోప్ ఇరుకు లోయ, గ్రాండ్ క్యాన్యన్. మిడ్‌సైజ్ కారు రోజుకు 52 అని 208 చూపిస్తుంది. వివరాలన్నీ నింపి ఆఖరి బటన్ దగ్గరికొచ్చేసరికి 640. బ్రౌజర్ మార్చా, కుకీలు తీసేశా, ఇంకో సైటుకెళ్లా, అదే తంతు. ఒక సైట్లో నివాసం ఇండియా అని పెడితే 430కి దిగింది, కట్టబోయి భయమేసి ఆగా. ఇది మోసమా? ఏ సైట్ నమ్మాలి? ఫుల్ కవరేజ్ తీసుకోవాలా వద్దా? కాస్త తొందరగా చెప్పండి.

టూకీ:
వయసు? డ్రాప్ ఎక్కడ? లైసెన్స్ ఎక్కడిది? క్రెడిట్ కార్డా, డెబిటా?

క్లాజు మాస్టారు:
ముందు ఒక మాట. "ఫుల్ కవరేజ్" అనే వస్తువు రెంటల్ కౌంటర్లో లేదు. అక్కడ అమ్మేవి విడివిడిగా ఉంటాయి. సీడీడబ్ల్యూ (కొందరు ఎల్‌డీడబ్ల్యూ అంటారు) అసలు ఇన్సూరెన్సే కాదు. కారు దెబ్బతిన్నా పోయినా మీ దగ్గర వసూలు చేయం అని కంపెనీ రాసిచ్చే మాఫీ. ఎస్‌ఎల్‌ఐ అంటే మీ వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. పీఏఐ కారులో కూర్చున్నవాళ్ల గాయాలకు, చిన్న మొత్తం. ఈ మూడింటినీ కలిపి ఫుల్ అనుకుని సంతకం పెడితే రోజు అద్దె కంటే వీటికే ఎక్కువైపోవచ్చు. ఏది అవసరమో తేలాలంటే ఒకటి చెప్పండి: అమెరికాలో మీకు సొంత కారు ఉందా?

పచ్చడి జాడీ:
అమ్మానాన్నలతో వెళ్తున్నావు కాబట్టి తిండి సంగతి ముందే చూసుకో నాయనా. పేజ్‌లో, బ్రైస్ దగ్గర శాకాహారం అంటే పిజ్జా, వేపుళ్లే గతి. చిన్న రైస్ కుక్కర్ పెట్టుకో. అయితే బుక్ చేసే ముందు రూములో వంట ఒప్పుకుంటారో లేదో చూడు, చాలా చోట్ల కుదరదంటారు. మైక్రోవేవ్ ఉన్న రూమే తీసుకుంటే సరి. ఇంకోటి, ఆవకాయ చేతిబ్యాగులో పెట్టకు. నూనె ఉన్న పచ్చడిని సెక్యూరిటీలో జెల్ కింద లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే చెత్తబుట్టలోకే. చెక్ఇన్ బ్యాగులో రెండు కవర్లు చుట్టి పెట్టు.

ఖమ్మం కుర్రోడు:
ఇవన్నీ ఎందుకన్నా, నేను అడిగింది రేటు గురించి. సరే. 23 ఏళ్లు, టెక్సస్ లైసెన్స్, డెబిట్ కార్డు. డ్రాప్ ఫీనిక్స్‌లో, డల్లాస్‌కి ఫ్లైట్ అక్కడి నుంచి చవగ్గా దొరికింది. డల్లాస్‌లో పాత కరోలా ఉంది, లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి ఇన్సూరెన్స్) మాత్రమే కట్టా.

టూకీ:
దొరికింది కదా నీ 432 తేడా. 25 నిండలేదు కాబట్టి యంగ్ రెంటర్ ఫీజు రోజుకు 25 నుంచి 35, నాలుగు రోజులకు ఇంచుమించు 120. వేగాస్‌లో తీసి ఫీనిక్స్‌లో వదిలితే డ్రాప్ ఫీజు, 150 వేసుకో. మిగతాది ఎయిర్‌పోర్ట్ ఫీజులు, పన్నులు. మొదటి పేజీలో ఇవేవీ ఉండవు, వయసు, డ్రాప్ నింపాకే తగులుకుంటాయి. మోసం కాదు. వేగాస్‌లోనే వదిలెయ్. వయసు ఫీజుకైతే, ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) మెంబర్‌షిప్ ఉంటే హెర్ట్జ్ రెంటల్ కంపెనీలో 20 నుంచి 24 వాళ్లకు మాఫీ చేస్తారు, అదీ ఓసారి చూసుకో.

క్లాజు మాస్టారు:
ఇండియా నివాసం అని చూపిస్తే వచ్చే 430 జోలికి పోవద్దు. అది ఇండియాలో నివసించేవాళ్ల కోసం పెట్టిన రేటు. పైగా వయసు ఫీజు, డ్రాప్ ఫీజు "కౌంటర్లో చెల్లించాలి" అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. మీరు టెక్సస్ లైసెన్స్ తీసి బల్ల మీద పెట్టగానే అక్కడే రేటు మార్చేయొచ్చు.

ఇక కరోలా సంగతి. మీ పాలసీలోని లయబిలిటీ సాధారణంగా అద్దె కారుకూ వర్తిస్తుంది, అవే పరిమితులతో. టెక్సస్ కనీసం 30/60/25, అంటే ఒక్కరి గాయాలకు 30 వేలు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. ఎదుటివాడిది కొత్త పికప్ ట్రక్కు అయితే ఆ 25 వేలు ఏ మూలకూ చాలవు. మీ పాలసీలో కొలిజన్ (మీరు నడిపే కారు డ్యామేజీకి కవరేజీ) లేదు కాబట్టి అద్దె కారుకు సొట్ట పడితే మొత్తం మీ జేబులోంచే, మరమ్మతు అయ్యేదాకా వాళ్లకు పోయిన అద్దెతో సహా. కాబట్టి సీడీడబ్ల్యూ అయినా తీసుకోండి, లేదా ఆ సౌకర్యం ఉన్న క్రెడిట్ కార్డయినా వాడండి. కార్డు కవరేజీ పనిచేయాలంటే అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కౌంటర్లో సీడీడబ్ల్యూ వద్దనాలి, కార్డుదారే ప్రధాన డ్రైవర్ కావాలి. అది మీరు నడిపే కారుకే, ఎదుటివాళ్ల నష్టానికి కాదు. అమ్మానాన్నల వైద్యానికి విజిటర్స్ ఇన్సూరెన్స్ వేరే.

పాత మైలురాయి:
మాస్టారూ, మాఫీ అనండి ఇన్సూరెన్స్ అనండి, కుర్రాడికి కావాల్సింది డబ్బు ఎవరు కడతారన్నదే కదా.

క్లాజు మాస్టారు:
అదే చెబుతున్నా. ఇన్సూరెన్స్ అయితే ఇన్సూరెన్స్ చట్టం కింద అడగొచ్చు. మాఫీ అయితే కాంట్రాక్టులో ఉన్నదే వేదం. మట్టి రోడ్డెక్కినా, తాగి నడిపినా, పేరు రాయని మనిషి స్టీరింగ్ పట్టినా మాఫీ ఎగిరిపోతుంది. రెండూ ఒకటే అనడం వల్లే జనం ఇరుక్కుంటున్నారు.

పాత మైలురాయి:
మట్టి రోడ్డు మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, తమ్ముడూ, ఇది జాగ్రత్తగా చదువు. బ్రైస్ నుంచి పేజ్‌కి మ్యాప్ ఒక్కోసారి కాటన్‌వుడ్ క్యాన్యన్ రోడ్ చూపిస్తుంది. మైళ్లు తక్కువ కాబట్టి మనసు లాగుతుంది. నలభై మైళ్లకు పైగా మట్టి, సిగ్నల్ ఉండదు. అక్కడిది బంకమన్ను, వాన పడితే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా జారి కూర్చుంటుంది. నువ్వు 89 హైవే మీద కనాబ్ మీదుగా వెళ్లు, సుమారు 150 మైళ్లు, 2 గంటల 45 నిమిషాలు. ఆఫ్‌లైన్ మ్యాప్ వేగాస్‌లోనే దించుకో.

మిగతా దూరాలు: వేగాస్ నుంచి స్ప్రింగ్‌డేల్ (జయాన్ గేటు ముందున్న ఊరు) 165 మైళ్లు. అక్కడి నుంచి బ్రైస్ 85, కానీ కొండదారి కాబట్టి 2 గంటలు. పేజ్ నుంచి గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) 135. అక్కడి నుంచి వేగాస్ 280, నాలుగున్నర గంటలు. ఇది ఒట్టి చక్రం తిరిగే సమయమే, పెద్దవాళ్లతో గంటన్నరకోసారి ఆగడం ఇందులో లేదు. నీ రోజువారీ ప్లాన్ ఏంటి?

ఖమ్మం కుర్రోడు:
గురువారం 9:30కి వేగాస్‌లో దిగడం, జయాన్ చూసి సాయంత్రం బ్రైస్‌లో సన్‌సెట్, అక్కడే పడక. శుక్రవారం పేజ్. శనివారం గ్రాండ్ క్యాన్యన్. ఆదివారం వెనక్కి. బానే ఉంది కదా?

పాత మైలురాయి:
లేదు. వేగాస్ రెంటల్ సెంటర్ టెర్మినల్‌లో ఉండదు, బస్సెక్కి వెళ్లాలి. కారు చేతికొచ్చేసరికి 11. స్ప్రింగ్‌డేల్ చేరేసరికి వేగాస్ గడియారంలో 1:45. కానీ యూటా గంట ముందుంటుంది, అంటే 2:45. అక్టోబర్‌లో జయాన్ లోపలి రోడ్డు మీద సొంత కార్లను వదలరు, షటిల్ బస్సే. పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది కాబట్టి ఊళ్లో డబ్బు కట్టి పెట్టుకోవాలి. సూర్యుడు దాదాపు 7కి దిగుతాడు. అదే రోజు బ్రైస్ సన్‌సెట్ జరగని పని. ఆ రాత్రి స్ప్రింగ్‌డేల్‌లోనే పడుకోండి. శుక్రవారం పొద్దున్నే తూర్పు వైపు సొరంగం (1.1 మైలు, 1930లో తెరిచారు) దాటి బ్రైస్ వెళ్లి, మధ్యాహ్నానికి పేజ్ దారి పట్టండి.

పేజ్‌లో టైము తిరకాసు. పేజ్ ఉన్న అరిజోనా వేసవికి గడియారం గంట ముందుకు మార్చదు, యూటా మారుస్తుంది, నవాహో నేషన్ (అక్కడి మూలవాసుల స్వయంపాలిత ప్రాంతం) కూడా మారుస్తుంది. యాంటిలోప్ ఉన్నది నవాహో నేల మీద, అయినా టూర్లు పేజ్ టైమే పాటిస్తాయి. నీ ఫోను యూటా టవర్ పట్టుకుని గంట ముందుకు దూకొచ్చు. ఆటోమేటిక్ టైమ్ తీసేసి ఫీనిక్స్ పెట్టుకో.

పచ్చడి జాడీ:
అమ్మకు మోకాళ్ల నొప్పులుంటే లోవర్ యాంటిలోప్ వద్దు, నిటారు ఇనప మెట్లు. అప్పర్‌లో నేల చదునే, కానీ బయటికొచ్చే దారిలో అక్కడా మెట్లున్నాయి, టికెట్ కొనే ముందు అడుగు. హార్స్‌షూ బెండ్ (పేజ్ దగ్గర నది వంపు) రానూపోనూ ఒకటిన్నర మైలు, ఎండకు దాపు దాదాపు లేనట్టే. బ్రైస్ ఎనిమిది వేల అడుగుల పైన, పొద్దున స్వెట్టర్ ఉండాల్సిందే.

నాలుగు చక్రాలు:
ఎవరూ అసలు విషయం అడగలేదు. స్టెప్నీ ఉందా? ఈ మధ్య చాలా కార్లలో ఉండట్లేదు, గాలి కొట్టే డబ్బా, జిగురు సీసా ఇస్తున్నారు. టైరు పక్కగోడ చీలితే ఆ జిగురు దేనికీ పనికిరాదు. కారు ఇచ్చే లాట్‌లోనే డిక్కీ ఫ్లోర్ ఎత్తి చూడు, లేకపోతే వేరే కారు అడుగు. నాలుగు టైర్లూ, విండ్‌షీల్డ్ మీద రాయి దెబ్బలూ, పెట్రోల్ ముల్లూ ఫొటో తీశాకే కదులు.

రెండోది పెట్రోల్. యూటాలో అన్నింటికంటే చవక పంపు 85 ఆక్టేన్ (పెట్రోల్ గ్రేడ్ అంకె). కారు మూత మీద 87 అని రాసుంటుంది. 88 కొట్టించు.

టూకీ:
ఎత్తులో 85 ఏం కాదు. అక్కడ అందరూ అదే పోయిస్తారు.

నాలుగు చక్రాలు:
అది కార్బురేటర్ల నాటి మాట. ఎత్తులో గాలి పలచన, అప్పటి ఇంజిన్‌లో ఒత్తిడి తగ్గేది కాబట్టి 85 సరిపోయేది. ఇప్పటి టర్బోలు ఆ గాలినే కుక్కి లాగుతాయి. తయారీదారు 87 అన్నాక 85 పోయడం ఎందుకు?

ఖమ్మం కుర్రోడు:
పెట్రోల్ గొడవ పక్కన పెట్టండన్నా. ఆదివారం నాన్న కాసేపు నడుపుతానంటున్నారు. ఖమ్మంలో రోజూ నడిపే మనిషే. పర్లేదా?

క్లాజు మాస్టారు:
కాంట్రాక్టులో పేరు రాయిస్తేనే. అదనపు డ్రైవర్‌కు రోజువారీ ఫీజు ఉంటుంది, ఆయనే కౌంటర్‌కు రావాలి, అసలు లైసెన్స్ కార్డు చూపాలి. ఫోనులో డిజిలాకర్ కుదరదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఖమ్మం ఆర్టీఏలోనే తీసుకోవాలి, ఇక్కడికొచ్చాక దొరకదు. ఏడాది చెల్లుతుంది.

టూకీ:
లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే పర్మిట్ చాలా కంపెనీలు అడగవు.

క్లాజు మాస్టారు:
అడగకపోవడం వేరు, అవసరం లేకపోవడం వేరు. ఆ పర్మిట్ లైసెన్స్‌కు అనువాదం లాంటిదే, ఒంటరిగా చెల్లదు. అసలు కార్డూ అదీ రెండూ జేబులో ఉంటే పోలీసు ఆపినా మాట పెరగదు.

పాత మైలురాయి:
నాన్నగారికి ఇవ్వాలనుకుంటే పొద్దుటి పూట ఇంటర్‌స్టేట్ 40 మీద ఇవ్వు, రిమ్ దగ్గర కాదు. చీకటి పడ్డాక ఆ చుట్టుపక్కల ఎల్క్‌లు (పెద్ద దుప్పులు) రోడ్డుకు అడ్డం వస్తాయి. అక్టోబర్ మధ్యకి గ్రాండ్ క్యాన్యన్‌లో ఆరుకు ముందే పొద్దు వాలుతుంది. పేజ్ నుంచి వచ్చేటప్పుడు కామరాన్ దగ్గర కుడికి తిరిగితే డెజర్ట్ వ్యూ గేటు, దక్షిణం గేటంత రద్దీ ఉండదు.

పార్కు ఫీజు కూడా లెక్కలో వేసుకో. 2026 జనవరి 1 నుంచి విదేశీ నివాసులకు ఏడాది పాస్ 250 డాలర్లు. అది లేకపోతే జయాన్, బ్రైస్, గ్రాండ్ క్యాన్యన్ మూడింట్లోనూ 16 ఏళ్లు నిండినవాళ్లకు మామూలు ఫీజు మీద తలకు 100. ఇద్దరు, మూడు పార్కులు, నువ్వే లెక్కేసుకో. యాంటిలోప్‌లో, హార్స్‌షూ బెండ్ పార్కింగ్‌లో ఏ పాస్ చెల్లదు.

టూకీ:
డెబిట్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎయిర్‌పోర్ట్‌లో డెబిట్ ఇస్తే రిటర్న్ టికెట్ అడుగుతారు, కొందరు క్రెడిట్ చెక్ చేస్తారు, 25 లోపు వాళ్లకు డెబిట్ అసలు ఒప్పుకోని కంపెనీలున్నాయి. నాన్న ఫారెక్స్ కార్డు డిపాజిట్‌కి పనికిరాదు. డిపాజిట్ 200 నుంచి 500 దాకా పట్టి ఉంచుతారు, డెబిట్ అయితే అది వెనక్కి రావడానికి రోజులు పడుతుంది.

ఖమ్మం కుర్రోడు:
వేగాస్ డ్రాప్ పెట్టా, 426కి వచ్చింది. ఫ్లైట్ మార్చుకున్నా. నా దగ్గర క్రెడిట్ కార్డు లేదు, రూమ్మేట్ కార్డు పెట్టి బుక్ చేసేశా. థాంక్స్ అందరికీ.

టూకీ:
కార్డు మీద పేరు, లైసెన్స్ మీద పేరు ఒకటే ఉండాలి. కౌంటర్లో తాళం ఇవ్వరు.

క్లాజు మాస్టారు:
ఆ కార్డు కవరేజీ కూడా మీకు వర్తించదు. మీ పేరు మీద కార్డు వచ్చేదాకా, కౌంటర్లో కట్టే పద్ధతిలో రద్దు చేసుకోగలిగే బుకింగ్ పెట్టుకోండి.

నాలుగు చక్రాలు:
88 మర్చిపోకు.