హాడ్జ్‌కిన్ కీమోలో బ్లియోమైసిన్ ఆపేయడం మంచిదేనా?

గాజువాక అక్క:
మా తమ్ముడికి 23 ఏళ్లు. హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), మూడో స్టేజ్. రెండు వారాలకోసారి ఏబీవీడీ, అంటే బ్లియోమైసిన్‌తో కలిపి నాలుగు మందుల కీమో, ఎక్కిస్తున్నారు. నాలుగు డోసులు, అంటే రెండు సైకిళ్లు అయ్యాక పెట్ స్కాన్ తీస్తే డోవిల్ స్కోరు 2 వచ్చింది (1 నుంచి 5 దాకా ఉంటుంది, తక్కువైతే మంచిది). ఇక బ్లియోమైసిన్ ఆపేసి, మిగతా మూడు మందులతో ఆరు సైకిళ్లు పూర్తి చేద్దామంటున్నారు డాక్టర్ గారు. మామయ్య మాత్రం "మధ్యలో మందు తగ్గిస్తే జబ్బు ఊరుకుంటుందా?" అని పట్టుబట్టాడు. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ.

సీతమ్మధార బాబాయ్:
నేను మీ మామయ్య వైపే. ఒక్కో మందు ఒక్కో రకంగా కణాన్ని దెబ్బతీస్తుందనే కదా నాలుగూ కలిపి ఇచ్చేది! కుర్రాడు, తట్టుకుంటాడు. పూర్తిగా వేయించండి.

కంచరపాలెం కుర్రోడు:
బాబాయ్ గారూ, కుర్రాడు కాబట్టే ఆపాలి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీయొచ్చు, వాటితోనే ఇంకా యాభై ఏళ్లు బతకాలి. నాకు పన్నెండు డోసులూ పూర్తిగా ఇచ్చారు. ఆ నాలుగింటిలో ఎర్ర మందుకి (డాక్సోరూబిసిన్) మూత్రం ఎర్రగా వచ్చేది, డకార్బజీన్‌కి చెయ్యంతా మంట. అవన్నీ పోయాయి. పొడి దగ్గు మాత్రం నెలల తరబడి ఉంది. సింహాచలం మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే.
2016లో వచ్చిన ర్యాథల్ ట్రయల్ సరిగ్గా ఈ ప్రశ్న మీదే చేశారు. స్కాన్ బాగున్నవాళ్లలో జబ్బు ముదరకుండా మూడేళ్లు గడిపినవారు నాలుగు మందులతో 85.7 శాతం, బ్లియోమైసిన్ ఆపితే 84.4 శాతం.

సీతమ్మధార బాబాయ్:
అదే ట్రయల్‌లో తేడా ఐదు శాతం లోపే ఉంటుందని ఖాయంగా తేల్చలేకపోయారు. పొరపాటుకు అవకాశం లెక్కేస్తే 5.3 దాకా పోతోంది. అది చెప్పరేం?

కంచరపాలెం కుర్రోడు:
ఒప్పుకుంటా, ఆ గీత కాస్త దాటింది. కానీ మూడేళ్లకు బతికున్నవారు రెండు వైపులా 97 శాతం పైనే. తిరగబెడితే వేరే చికిత్స ఉంది, ఊపిరితిత్తులు గట్టిపడిపోతే ఏముంది? స్కోరు 4 వచ్చుంటే నేనూ మీలాగే భయపడేవాణ్ణి. అప్పుడు మందు పెంచే మాటే వస్తుంది.
అక్కా, ఇప్పటికే నాలుగు డోసుల బ్లియోమైసిన్ పడింది. ముందుముందు ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టర్‌కి ఆ సంగతి చెప్పాలి, ఫైల్లో రాసిపెట్టుకోండి.

గాజువాక అక్క:
తమ్ముడు కానిస్టేబుల్ పరీక్షకి బీచ్ రోడ్డులో పరుగు ప్రాక్టీస్ చేసేవాడు. ఆ మాట అనగానే మామయ్య కొంచెం మెత్తబడ్డాడు. మంగళవారం ఐదో డోసు. ఆయన్నీ తీసుకెళ్తున్నా, ఆ 5.3 సంగతి డాక్టర్‌నే అడుగుతాడట.