ఈ1 లైన్ డేటా సీడీ డ్రైవ్ లెక్కలో ఎన్ని ‘ఎక్స్’ అవుతుంది?

పాత వాయిస్ లాగర్ (ఫోన్ మాటల్ని రికార్డ్ చేసే యంత్రం) ఒకదానికి డాక్యుమెంట్ రాస్తున్నాను. ఒక ఈ1 లైన్‌లో (చాలా ఫోన్ కాల్స్‌ని కలిపి మోసే డిజిటల్ లైన్) వచ్చే డేటా సీడీ డ్రైవ్ లెక్కలో ఎన్ని ఎక్స్ (డ్రైవ్ చదివే వేగానికి కొలత) అవుతుందో అందులో చెప్పాలి.

ఈ1 అంటే సెకనుకు 20,48,000 బిట్లు. 8తో భాగిస్తే 2,56,000 బైట్లు. ఇక్కడిదాకా పేచీ లేదు. సీడీ-రామ్ 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు అంటారు కదా, 256ని 150తో భాగిస్తే 1.71 వస్తోంది. కానీ 1ఎక్స్ డ్రైవ్ సెకనుకు చదివేది 75 సెక్టార్లు (డిస్క్ మీది డేటా ముక్కలు), ఒక్కో దాంట్లో 2,048 బైట్లు. అంటే 1,53,600 బైట్లు. అలా చూస్తే 1.67. టెలిఫోన్ వాళ్ల కిలో 1000, సీడీ డ్రైవ్ కిలో 1024 కావడమే ఈ తేడాకి కారణం అనుకుంటున్నా, సరేనా?

అసలు సందేహం ఇది. ఈ1లోని 32 టైమ్‌స్లాట్లలో (లైన్‌ని పంచుకునే వాటాలు, 0 నుంచి 31 దాకా) 0వది ఫ్రేమింగ్‌కి (వాటాలు ఎక్కడ మొదలవుతాయో గుర్తించడానికి), 16వది మామూలుగా సిగ్నలింగ్‌కి (కాల్ కలపడం, తెంచడం లాంటి సంకేతాలకి) పోతాయి. మాటలుండేవి 30, ఒక్కోటి 64 కేబీపీఎస్ (సెకనుకు 64,000 బిట్లు). వాటినే తీసుకుంటే 1.56 ఎక్స్. పైగా ఈ1 రెండు దిక్కులా అదే వేగంతో నడుస్తుంది కాబట్టి ఇరువైపుల మాటనూ విడివిడిగా రికార్డ్ చేస్తే రెట్టింపు. లాగర్ల స్పెక్‌లో వీటిలో ఏది ఇస్తారు? ఇలాంటివాటితో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.